డబ్బా మీద పేరు

ఆ డబ్బాలో ఉన్నది నాది. ముందే చెప్పేస్తున్నాను. చెప్పాల్సిన రోజున నోరు కుట్టేసుకుని కూర్చున్నది కూడా నేనే.

మా ఆయన పైపుల మేస్త్రీ. ముప్పై రెండేళ్లుగా ఎన్ని స్నానాల గదులు, ఎన్ని వంటిళ్లు ఆయన చేతి మీదుగా వెళ్లాయో లెక్కే లేదు. ఎవరింటికి చుట్టపుచూపుగా వెళ్లినా ముందు కుళాయి కింద తల పెట్టి చూస్తాడు. అతుకు దగ్గర చుక్క కనిపించిందా, ఆ పని చేసినవాడి ఏడు తరాలనూ దులిపేస్తాడు. "కారిందంటే అతికించినవాడి తప్పే. పైపుది కాదు, నీళ్లది కాదు" అనేది ఆయన రోజుకు నాలుగుసార్లు అనే మాట.

అన్ని లీకులు పట్టేవాడు తన ఒంట్లోంచి రెండు నెలలుగా రక్తం పోతుంటే మాత్రం మొలలనుకుని దాచిపెట్టాడు. నెత్తీ నోరూ కొట్టుకుని ఆస్పత్రికి లాక్కెళ్తే పెద్దపేగులో క్యాన్సరన్నారు. నాలుగు వారాల్లో ఆపరేషన్. చెడిన ముక్క కోసి తీసేసి, మిగిలిన రెండు కొసలనూ కలిపి కుడతామని సర్జన్ చెప్పాడు. చిన్నవాడే, మా పెద్దమ్మాయి వయసుంటుంది. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే మధ్యలో అడ్డు రాడు.

అతనే మమ్మల్ని రెండో అంతస్తుకు పంపాడు. మెట్ల పక్కన చిన్న గది, రెండు కుర్చీలు, గోడ మీద సగానికి పైగా కూరగాయలున్న పళ్లెం బొమ్మ. అక్కడ కూర్చునే అమ్మాయిని అందరూ డైట్ మేడమ్ అంటారు.

"పేగుల్లో లెక్కలేనన్ని సూక్ష్మజీవులుంటాయండీ. మీరేది తింటే వాటికీ అదే తిండి. కొవ్వు, మాంసం ఎక్కువైతే కొన్ని రకాలు బలుస్తాయి. అవి కుట్టు దగ్గర కొత్తగా కట్టే కండను కొరుకుతాయేమోనని మా అనుమానం. పీచున్న తిండి తింటే మేలు చేసేవి పెరగొచ్చు. ఖాయంగా చెప్పలేను. అది తేల్చడానికే మీలాంటి వాళ్లను కొంతమందిని ఈ పరిశోధనలోకి తీసుకుంటున్నాం" అంది.

మా ఆయన ఆ అమ్మాయిని ఎగాదిగా చూశాడు. "కుట్టేది డాక్టరు కదమ్మా. నేను బఠాణీలు నమిలితే ఆయన సూదికేంటి సంబంధం?"

నేను ఊరుకోలేదు. "పైపు అతికించే ముందు కొస తుడుస్తారా, తుడవరా? జిడ్డు మీద జిగురు నిలుస్తుందా?" అన్నాను.

ఆయన కలం అందుకున్నాడు. సంతకం పెట్టాడు. ముప్పై ఏళ్ల కాపురంలో వాదనలో నేను గెలిచిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ రోజు ఒకటి.

అప్పట్నుంచి నూనె సీసా అటకెక్కింది. ఉడికించిన చిక్కుడు గింజలు, శనగలు, ఆకుకూరలు, పొట్టు తీయని గోధుమ రొట్టె. రెండు వంటలు చేసే ఓపిక లేక నేనూ అదే తిన్నాను. పనికి వెళ్లడం మానమంటే వినే రకం కాదు కాబట్టి మధ్యాహ్నానికి క్యారేజీ కట్టిచ్చేదాన్ని. సాయంత్రం అది కడిగినట్టు తిరిగొచ్చేది. మొండిఘటం దారికొచ్చాడని పొంగిపోయాను.

మూడో వారం పరీక్షకు మలం కావాలన్నారు. తెల్ల డబ్బా, నీలం మూత, మూత మీద పేరు రాసే గీత. పొద్దున పదింటికల్లా మేడమ్ చేతికి అందాలి.

"నేనివ్వను. ఆడపిల్ల చేతికి అదిస్తానా? చచ్చినా ఇవ్వను. కావాలంటే మొన్న తీసుకున్న రక్తంలోనే చూసుకోమను" అని చొక్కా తగిలించుకుని పనికి వెళ్లిపోయాడు.

నేను పసిపిల్లల బడిలో ఆయాని. ఇరవై ఏళ్లుగా ఊరందరి పిల్లల ముడ్లు కడిగినదాన్ని, నాకు రోతేమిటి? గడియారం చూస్తే తొమ్మిదిన్నర. ఇద్దరం ఒకే గిన్నెలోది తింటున్నాం, ఎవరిదైతేనేం అనుకున్నాను. తలుపు గడియ పెట్టుకున్నాను. మూత మీద ఆయన పేరు నా చేత్తోనే రాశాను. తప్పు చేస్తున్నానని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. పనైపోయిందనిపించింది, అంతే.

వారం తర్వాత మేడమ్ రిపోర్టు ఇస్తూ తెగ సంబరపడిపోయింది. "చాలా మార్పు వచ్చిందండీ. మేలు చేసేవి బాగా పెరిగాయి." మా ఆయన ఆ కాగితం అందుకుని ఒక్కసారిగా నవ్వాడు. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. భయం తీరిందనుకున్నాను. రక్తం చూసే ఆ రిపోర్టు ఇచ్చారని ఆయన అనుకున్నాడు, నేనూ దిద్దలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. అయిదో రోజు జ్వరం వచ్చింది. సాయంత్రానికి పొట్ట చెక్కలా బిగుసుకుపోయింది. మళ్లీ లోపలికి తీసుకెళ్లారు. ఈసారి పేగు కొసను పొట్ట మీదికి తెచ్చి, మలం అందులో పడేలా సంచీ తగిలించారు. పదకొండు రోజులు గాజు తలుపు అవతల ఉన్నాడు. సర్జన్ రోజూ వచ్చి నా పక్కన నిలబడేవాడు. "కుట్టు దగ్గర కారిందమ్మా. కొందరికి ఇలా అవుతుంది. ఎందుకవుతుందో ప్రతిసారీ చెప్పలేం" అన్నాడు. ఆ మాట చెప్పడానికి అతనెంత కష్టపడ్డాడో నాకు కనిపించింది.

వార్డుకు మార్చాక మా ఆయనకు నోరొచ్చింది. సర్జన్ మంచం దగ్గరికి రాగానే, "అతుకు వేయడం రానివాడివి కత్తెందుకు పట్టావయ్యా? నా దగ్గర నెల రోజులు పని నేర్చుకో పో" అన్నాడు. పక్క మంచాల వాళ్లంతా చూస్తున్నారు. అతను తల దించుకుని గాయం కట్టు మార్చి వెళ్లిపోయాడు.

"అలా అంటారేంటి? మనిషేనా మీరు?" అన్నాను.

"అనడమేంటే, ఫిర్యాదు రాసిస్తా. ఈ రిపోర్టు కూడా జతచేస్తా. నా వైపు తప్పేమైనా ఉందా? నీకో సంగతి చెప్పనా? నీ శనగలు ఒక్కరోజు కూడా ముట్టలేదు. క్యారేజీ తాపీ మేస్త్రీకి ఇచ్చేసి, రోజూ పక్క కొట్లో వేయించిన మాంసం తిన్నా. రాత్రి నీ ముందు నాలుగు మెతుకులు కెలికేవాణ్ని. అయినా రిపోర్టు ఎలా వచ్చింది? తిండీ లేదు, వంకాయా లేదు. అంతా ఆ కుర్రాడి చేతకానితనం!"

అరికాలి మంట నెత్తికెక్కింది. తిట్టడానికి నోరు తెరిచాను. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. ఆ రిపోర్టు ఎవరిదో నాకు తెలుసు కదా. ఆ డబ్బాలో ఆయనదే ఉంటే, ఆపరేషన్‌కు ముందే మేడమ్ పట్టుకునేది. ఆయన నవ్వు ఎందుకో అప్పుడు అర్థమైంది. 

ఆరు వారాలు పెదవి విప్పలేదు. నిజం తెలిస్తే మనిషి కుంగిపోతాడని నాకు నేను చెప్పుకున్నాను. అందులో సగమే నిజం. మిగతా సగం నా భయం. ఈలోగా ఆయన ఫిర్యాదు ఇచ్చేశాడు. విచారణకు తేదీ పడింది. ఇంట్లో మళ్లీ వేపుళ్లు కావాలని పేచీ. కొన్ని నెలలాగి పేగును మళ్లీ కలుపుతారు, అప్పటికి ఒళ్లు సిద్ధం చేసుకోండని మేడమ్ కబురు పంపితే, జేబు మీద తట్టుకుని, "నాది ఇనప కడుపు. కాగితం ఉంది" అన్నాడు.

ఆ కాగితమే మళ్లీ ఆయన్ని మింగేసేలా ఉంది. మధ్యాహ్నం పళ్లెం ముందు కూర్చున్నప్పుడు చెప్పేశాను. డబ్బా, మూత మీద రాసిన పేరు, అన్నీ.

ఆయన అరుస్తాడనుకున్నాను. అరవలేదు. జేబులోంచి కాగితం తీసి, మడతలు విప్పి, కొత్తగా చూస్తున్నట్టు చదివాడు.

"అయితే ఆ కుర్రాడు అతుకు సరిగ్గానే వేశాడా?"

"తెలీదు. తిండి వల్లే కారిందని కూడా ఎవరూ గట్టిగా చెప్పలేరు. మేడమ్ ముందే చెప్పింది కదా."

"తెలీకపోవడమేంటే? కారిందంటే ఎవరిదో ఒకరిది తప్పుండాలి కదా?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. దారి తప్పినవాడు అడిగినట్టు అడిగాడు. 

ఆ రోజుతో నాతో మాటలు మానేశాడు. మర్నాడు ఒక్కడే బస్సెక్కి వెళ్లి ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడని మరెవరో చెబితే తెలిసింది. శనగలు పెడితే తినేవాడు. పెట్టకపోతే తనే ఉడకబెట్టుకునేవాడు. ఒకే గదిలో రెండు నెలలు, ఇద్దరం గోడల్లా ఉన్నాం.

పరీక్షలకు రమ్మన్న రోజున ఇద్దరం వెళ్లాం. సర్జన్ స్కాన్ ఫిల్ములు వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు. ఇన్ఫెక్షన్ వల్ల క్యాన్సర్ మందులు మొదలుపెట్టడం ఆలస్యమైందట. జబ్బు పాకినట్టు కాలేయంలో మచ్చలు కనిపిస్తున్నాయట. "సంచీ ఇప్పట్లో తీయలేమండీ" అన్నాడు. ఇప్పట్లో అంటే ఎప్పటికీ అని అక్కడున్న ముగ్గురికీ తెలుసు. 

మా ఆయన లేచి నిలబడి, "బాబూ, వార్డులో నిన్నన్న మాటలు మనసులో పెట్టుకోకు" అన్నాడు. సర్జన్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

అక్కణ్నుంచి రెండో అంతస్తుకు మెట్లెక్కాడు. ప్రతి మలుపులోనూ ఆగి, కటకటాలు పట్టుకుని ఊపిరి తీసుకున్నాడు. నేను చెయ్యందిస్తే తీసుకోలేదు. మేడమ్ గదిలో చేతిసంచీలోంచి అలాంటిదే ఇంకో నీలం మూత డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. అది తెచ్చాడని నాకు తెలియనే తెలియదు.

"ఇప్పుడిది అవసరం లేదండీ" అంది ఆ అమ్మాయి మెల్లగా. అప్పటికే ఆమెకు కబురందినట్టుంది.

"తీసుకోమ్మా. పోయినసారిది నాది కాదు. మీరు చెప్పిన తిండి నేను తినలేదు, ఇచ్చిన డబ్బా నాది కాదు. మీ కాగితాల్లో నా పేరు మీద తప్పుంది. దిద్దుకో. రేపు నాలాంటివాడు ఇంకొకడొస్తాడు."

మూత మీద ఆయన పేరు వంకర టింకర అక్షరాల్లో ఉంది. ఆ అమ్మాయి రెండు చేతులతో డబ్బా అందుకుని నా వైపు చూసింది. తల తిప్పుకోకుండా నిలబడటానికి నా శక్తంతా కావాల్సి వచ్చింది.

బస్టాపులో బల్ల మీద కూర్చున్నాం. రెండు బస్సులు వెళ్లిపోయాయి, ఆయన లేవలేదు. చొక్కా కింద సంచీ సర్దుకుని, రెండు నెలల తర్వాత నాతో మొదటిసారి మాట్లాడాడు.

"నీ రిపోర్టు బాగానే వచ్చింది కదా?"

"ఊఁ" అన్నాను.

"నేను లేనని మానేయకు. నువ్వు అదే తింటూ ఉండు."