గడియారం బ్యాటరీ సాక్ష్యం

సెమీకండక్టర్‌లో రెండు పలుచటి పొరలు. మధ్య ఎడం వెంట్రుకలో వెయ్యో వంతు కూడా ఉండదు. పై పొరలో ఎలక్ట్రాన్లు పరిగెడితే, తాకకుండానే కింది పొరలోవాటిని ఈడుస్తాయి. ఎటువైపు ఈడుస్తాయన్నదే నా ఆరేళ్ల చదువు.

ఎదురు దిక్కుకని, అంటే మీటర్ మీద మైనస్ అని, మా గురువుగారు పదకొండేళ్ల కిందట తేల్చి, పెద్ద కుర్చీ ఎక్కారు. నా కొలతల్లో మాత్రం ఆర్నెల్లుగా అవి బుద్ధిగా వెంటే వస్తున్నాయి, మీటర్ ప్లస్సే చూపిస్తోంది. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు కాబట్టి తప్పు నాదే. శుక్రవారంలోగా ఆయన సంతకం పెట్టకపోతే నా థీసిస్ బుట్టదాఖలు. ఇంట్లో మా అత్తగారు కూడా, "ప్లస్సో మైనస్సో తేల్చడానికి ఆర్నెల్లా?" అని గరిట తిప్పుతూ అడుగుతున్నారు.

బుధవారం గురువుగారు ఆనాటి కొలతలు తీసిన తన పాత స్విచ్ పెట్టె మోసుకొచ్చారు.

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ వరస. తీగలు దీనికి తగిలించి కొలువు."

కొలిచాను. మీటర్ మీద మైనస్ వచ్చింది. ఆయన మీసం కూడా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

శాంపిల్ చల్లబడడానికి మాకు ద్రవ హీలియం పోసే ముసలాయన్ని అందరం హీలియం బాబాయ్ అంటాం. ఆయన స్టూలెక్కి, గోడ గడియారంలోంచి బ్యాటరీ ఊడబీకి నా చేతిలో పెట్టాడు.

"శాంపిల్ బదులు దీన్ని తగిలించమ్మా. దీనికి పీహెచ్‌డీ లేదు, ఉన్నదే చెబుతుంది."

బ్యాటరీ ప్లస్‌ను పెట్టె ప్లస్‌కే కలిపాను. మీటర్ మైనస్ ఒకటిన్నర వోల్టు చూపించింది.

"సార్, ఇది కూడా మీ సిద్ధాంతమే నమ్ముతోంది," అన్నాను. నోరు జారింది. వెనక్కి తీసుకోలేదు.

గురువుగారు పెట్టె మూత విప్పారు. లోపల రెండు తీగలు తారుమారుగా ఉన్నాయి. అతుకుల మీద సోల్డర్ కాకిరెట్టల్లా పడి ఉంది. అంత దరిద్రంగా అతికేవాళ్లు మా ల్యాబ్‌లో ఒక్కరే.

"తర్వాత ఎవరో మార్చుంటారు సార్," అన్నాడు బాబాయ్ జాలిపడి.

"ఈ పెట్టె నేనెవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఆ అతుకు నాదే." మూత బల్ల మీద పెట్టారు. "థీసిస్ ఇటివ్వమ్మా, సంతకం పెడతా. నా పాత పేపర్ తప్పని జర్నల్‌కి నేనే రాస్తా."

ఆయన మొహం అలా మాడిపోవాలని ఆర్నెల్లు కలలు కన్నాను. తీరా చూస్తే బాధేసింది.

ఆయన స్టూలెక్కి బ్యాటరీని గడియారంలో పెట్టారు. ముల్లు కదల్లేదు. బాబాయ్, నేనూ నేల చూపులు చూశాం.

ఆయనే బ్యాటరీ తీసి, కళ్లజోడు పైకెత్తి ప్లస్ గుర్తు వెతికి, తిప్పి పెట్టారు.