నీకు చెప్పడం మర్చిపోయా

మా ఆయన సాక్సులు ఎప్పుడూ తిరగేసే ఉంటాయి. విప్పేటప్పుడు పైనుంచి పట్టుకుని లాగేస్తాడు, లోపలిది బయటికి వచ్చేస్తుంది. అలాగే బుట్టలో పడతాయి, అలాగే ఉతుకుతాయి, అలాగే ఆరతాయి. చివరికి మడతపెట్టే మనిషి ఒక్కోదాంట్లో చెయ్యి దూర్చి మళ్ళీ తిరగెయ్యాలి. పెళ్ళైన కొత్తలో ఒకసారి చెప్పాను. "ఇంత చిన్న విషయానికి కూడానా?" అన్నాడు. నిజమే, చిన్న విషయమే. చిన్నది కాబట్టి ఆయన పట్టించుకోనక్కర్లేదు. చిన్నది కాబట్టి నేను చెయ్యనని అనకూడదు.

ఆ ఆదివారం సాయంత్రం కూడా మంచం మీద ఉతికిన బట్టల గుట్ట ముందు కూర్చుని ఆ పనిలోనే ఉన్నాను. ఆయన గుమ్మంలో నిలబడి, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా అన్నాడు.

"ఆఁ, నీకు చెప్పడం మర్చిపోయా. చెల్లి రేపు కాక వచ్చే సోమవారం నుంచి మళ్ళీ ఉద్యోగంలో చేరుతోంది. పొద్దున్నే పాపని ఇక్కడ దింపి సాయంత్రం తీసుకెళ్తుంది."

"ఇక్కడ ఎవరుంటారు?"

"అదేంటి, నువ్వుంటావుగా. నీది ఇంట్లో పనేగా."

"వారంలో మూడు రోజులేనండీ. ఆ మూడు రోజులూ కూడా పనే చేస్తాను."

"మిగతా రెండు రోజులు కూడా అడుగు. మీ డైరెక్టర్ మంచోడేగా. ఏడాదిన్నర పిల్ల ఏం చేస్తుంది, ఒక మూల కూర్చుని ఆడుకుంటుంది. నేనైతే చెల్లికి మాట ఇచ్చేశాను."

మాట ఆయనది. మూల నాది.

ఆ మూడు రోజులు ఎలా వచ్చాయో కూడా చెప్పాలి. మా అత్తయ్యకి మోకాలి ఆపరేషన్ అయినప్పుడు, ఆవిడ లేచి తిరిగేదాకా అని ఆఫీసులో అడిగి తెచ్చుకున్నాను. ఆవిడ లేచింది, తిరిగింది, ఇప్పుడు మెట్లెక్కి పైవాటావాళ్ళింటికెళ్ళి కబుర్లు కూడా చెప్పి వస్తోంది. నా మూడు రోజులు మాత్రం వెనక్కి పోలేదు. వాటికి తోడు ఒక్కొక్కటే వచ్చి చేరాయి. కొళాయి బాగుచేసేవాడొస్తే తలుపు తియ్యాలి, ఇంట్లోనే ఉన్నావుగా. ఎదురింటివాళ్ళ పార్సిల్ తీసి పెట్టాలి, ఇంట్లోనే ఉన్నావుగా. మధ్యాహ్నం కూర వేడిగా ఉండాలి, ఇంట్లోనే ఉన్నావుగా. మీటింగులో నా గొంతు అవతలికి వినపడకుండా మ్యూట్ నొక్కేసి ఉల్లిపాయలు తరుగుతుంటే, నన్నేదో అడిగారు. కళ్ళు తుడుచుకుంటూ జవాబు చెప్పాను. "ఏం ఫర్వాలేదు, ఏడవకండి, గడువు పెంచుకుందాం" అన్నాడు పాపం అవతలాయన. ఇక మా అత్తయ్య పైవాటావిడతో అనే మాట ఒకటుంది. "మా కోడలు కంప్యూటర్‌తో నవ్వుతూ కూర్చుంటుందమ్మా. దానికి ఉద్యోగమని పేరు."

ఇంకో మాట నేను ఆయనకి చెప్పలేదు. చెప్పబోయాను, ఈలోపు ఫోన్ మోగింది, వెళ్ళిపోయాడు. ఆ వారంలోనే ఒక ప్రాజెక్టు పూర్తిగా నా చేతికి రాబోతోంది. ఇన్నేళ్ళూ ఇంకొకళ్ళ ప్రాజెక్టుల్లో అడుగున ఉండి మోసినదాన్నే. ఇదొక బస్సుల కంపెనీ పని. ఏ డ్రైవరు ఏ రోజు ఏ బస్సు ఎక్కాలో చూసుకునే ప్రోగ్రాము. మేం పని చేసే తీరు ఎలాగంటే, అంతా ముందే రాసిపెట్టుకుని ఏడాది తర్వాత ఒక్కసారిగా తెచ్చి ముందు పెట్టం. రెండేసి వారాలకి ఒక ముక్క చేసి చూపిస్తాం, వాడేవాళ్ళు చూసి ఇది ఇలా కాదు అలా అంటారు, తర్వాతి ముక్కలో దిద్దుతాం. పద్ధతి మంచిదే. ఒప్పందం దగ్గరే చిక్కు తగలడింది. మా కంపెనీ ఒకప్పుడు ఆఫీసుల్లో కేబుళ్ళు లాగే పనులు చేసేదట. మా డైరెక్టర్ ఆ రోజులనాటి నమూనా బయటికి తీసి, పేర్లు మార్చి, సంతకం పెట్టేశాడు. అందులో చెయ్యాల్సిన పనుల జాబితా ఉంది, ఒక్క అక్షరం మారకూడదని ఉంది, తేదీ ఉంది. నోటితో మాత్రం డిపో మేనేజరుకి, "మీరు ఎప్పుడు ఏది కావాలన్నా మార్చేస్తాం సార్" అని చెప్పి వచ్చాడు. డిపో మేనేజరు అది నమ్మి వారానికో కొత్త కోరిక పంపుతున్నాడు. వాళ్ళ ఒప్పందాల అధికారిణి కాగితం చదివి, పని ఆపమంది.

ఆవిడకి మా ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు కత్తెర. ఏ వాక్యమైనా ఆవిడ ముందు పెడితే సగం అవుతుందని.

మా డైరెక్టర్ నన్ను గదిలోకి పిలిచాడు. "నీకు చెప్పడం మర్చిపోయాను. శుక్రవారం డిపోలో మీటింగ్. ఈ గొడవ తీర్చావంటే ప్రాజెక్టు నీదే. నువ్వయితే మెత్తగా మాట్లాడతావు. ఆడవాళ్ళూ ఆడవాళ్ళూ కదా, సర్దిచెప్పు."

సర్దిచెప్పడం, సర్దుకుపోవడం, సర్దిపెట్టడం. నా చదువుకి నాకు దొరికినవి ఈ మూడు.

శుక్రవారం డిపోలో మేడ మీద గది. కిటికీ కింద బస్సులు వెనక్కి వెళ్తూ కూతలు పెడుతున్నాయి. బల్లకి అవతల కత్తెర, పక్కన డిపో మేనేజరు. ఇవతల మా డైరెక్టర్, నేను. యాభై దాటిన మనిషి ఆవిడ, కళ్ళద్దాలు ముక్కు చివర పెట్టుకుని పైనుంచి చూస్తుంది. నేను కాగితాలు తియ్యబోతుంటే మా డైరెక్టర్ నా వైపు వంగి, "టీ ఏమైందో కాస్త చూడమ్మా" అన్నాడు. నేను లేచాను కూడా. అలవాటు అలాంటిది, కాళ్ళు ముందే లేస్తాయి.

"టీ సంగతి మీరు చూడండి సార్. ఆవిడ చెప్పేది నేను వినాలి" అంది కత్తెర.

ఆయన నవ్వుతూనే వెళ్ళాడు. కత్తెర కాగితం తిప్పింది. "ముందు నాకిది చెప్పండి. 'పని ముగిసిన పిదప స్థలమును ఊడ్చి శుభ్రపరచి అప్పగించవలెను.' ప్రోగ్రాము రాశాక మా డిపో ఊడుస్తారా?"

డిపో మేనేజరు పకపకా నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. "రాసే ఉంది కాబట్టి ఊడవాల్సిందే మేడమ్. ఎవరు ఊడవాలో మాత్రం రాయలేదు."

"రాయకపోతే ఎవరు ఊడుస్తారో మనిద్దరికీ తెలుసులెండి" అందావిడ, కళ్ళద్దాల పైనుంచి చూసి.

ఆ ఒక్క మాటతో నేను తెచ్చుకున్న మెత్తని మాటలన్నీ పక్కన పెట్టేశాను. నిజంగా మీకు దేనికి భయం అని అడిగాను. ఆవిడ దాచలేదు. "కాగితంలో ఒకటి, మీరు కట్టేది ఇంకొకటి. రేపు మా పైవాళ్ళు అడిగితే నేనేం చూపించాలి? ఈయన కోరికలకి అంతులేదు, మీ డైరెక్టర్‌కి కాదనడం రాదు. ఆఖరికి తేదీ దాటితే నా మెడకే." డిపో మేనేజరు నొచ్చుకున్నాడు. "అన్నీ చిన్న చిన్న మార్పులే కదండీ!"

"చిన్నవే సార్" అన్నాను. "తేదీ మారదు. పని చేసే మనుషులు మారరు. కొత్తది ఏదైనా లోపలికి రావాలంటే, అంత పనే ఉన్నది ఇంకొకటి జాబితాలోంచి బయటికి పోవాలి. అది ఒప్పందంలోనే రాసుకుందాం. ప్రతి ముక్కనీ మీ డ్రైవర్లు వాడి చూసి సరే అంటేనే అయినట్టు. ఏ ముక్క తర్వాత వద్దనిపించినా మీరు ఆపెయ్యొచ్చు, అంతవరకూ చేసింది మీదే."

"బయటికి పోయేది ఎవరు చెప్పాలి?" అంది కత్తెర.

"కొత్తది అడిగినవాళ్ళే చెప్పాలి మేడమ్."

అనేశాక, నా నోటినుంచి వచ్చిన మాట నాకే కొత్తగా వినిపించింది. అత్తయ్య మోకాలు లోపలికి వచ్చినప్పుడు ఏం బయటికి పోయింది? నా సాయంత్రం నడక పోయింది, నిద్ర పోయింది, పుస్తకం పట్టుకోవడం పోయింది. అవి ఏ జాబితాలోనూ లేవు కాబట్టి పోయినట్టు ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు పాప వస్తోంది. ఈసారి బయటికి పోయేది నేను.

కత్తెర కాసేపు రాసుకుంది. తర్వాత పెన్ను మూత పెట్టి, "ఈ మొదటి ఒప్పందం రాసినరోజు, పని చేసేవాళ్ళు ఒక్కరైనా ఆ గదిలో ఉన్నారా?" అని అడిగింది.

లేరన్నాను. టీ ట్రేతో అప్పుడే లోపలికొచ్చిన మా డైరెక్టర్ ఏ గదో అర్థంకాక నిలబడ్డాడు.

"సరే, ఇలా రాయండి, సంతకం పెడతాను. నాదీ ఒక షరతు. పని అయ్యేదాకా మీ తరఫున నిర్ణయం తీసుకోగల మనిషి రోజూ ఈ డిపోలోనే కూర్చోవాలి. అడిగిన వెంటనే సరేనో కాదో చెప్పాలి."

మా డైరెక్టర్ ట్రే కింద పెట్టకుండానే అందుకున్నాడు. "తప్పకుండా మేడమ్. ఈవిడకి రోజూ కుదరదు, ఇంటి బాధ్యతలున్నాయి. ఇంకొకతన్ని పంపుతాను, చాలా చురుకైనవాడు." ఆయన చెడ్డవాడేం కాదు. నా మీద జాలితోనే అన్నాడు. నన్ను అడుగున పెట్టినవాళ్ళంతా జాలిపడే పెట్టారు.

"ఆవిడ ఇక్కడే ఉన్నారుగా" అంది కత్తెర. "ఆవిణ్ణే అడుగుదాం. మీకు కుదురుతుందామ్మా?"

కింద ఏదో బస్సు ఇంజను ఆగింది. ముగ్గురూ నా వైపు చూస్తున్నారు. నన్ను అడిగి, జవాబు కోసం ఆగిన మనుషుల్ని చూసి ఎన్నాళ్ళైందో. "కనుక్కుని చెప్తాను" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎవర్ని కనుక్కోవాలి? నా కుదరడం గురించి నాకంటే ఎవరికి ఎక్కువ తెలుసు?

"కుదురుతుంది" అన్నాను. "సోమవారం నుంచి వస్తాను."

ఆ సాయంత్రం ఇంటికొచ్చాను. శనివారం గడిచింది. మీటింగ్ ఎలా జరిగిందని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని. దాచాలని కాదు, ఎవరైనా అడుగుతారేమోనని నిజంగానే చూశాను. అత్తయ్య ఉప్పు తగ్గిందంది. ఆయన కారు తాళాలు ఎక్కడన్నాడు.

ఆదివారం సాయంత్రం మళ్ళీ అదే మంచం, అదే బట్టల గుట్ట. ఆయన గుమ్మంలోకి వచ్చాడు. పక్కగదిలో అత్తయ్య టీవీ చూస్తోంది.

"రేపు ఎనిమిదింటికే పాపని తీసుకొస్తుందట చెల్లి. కాస్త ముందే లే."

"తీసుకురమ్మనండి. పాల సీసా, బట్టలు ఎక్కడ పెట్టాలో చూపిస్తాను. మీకు తెలియాలిగా."

"నాకెందుకు?"

"మాట ఇచ్చింది మీరేగా. నేను రేపటి నుంచి రోజూ బస్సు డిపోలో ఉంటానండీ, పని పూర్తయ్యేదాకా. ఏడున్నరకే బయల్దేరాలి."

ఫోన్ కిందికి దిగింది. చాలాకాలం తర్వాత ఆయన మొహం పూర్తిగా కనిపించింది. "ఏంటి నువ్వనేది? ఎప్పుడనుకున్నారిది?"

"శుక్రవారం."

"ఇంత పెద్ద విషయం, నన్నొక్క మాట అడక్కుండా ఎలా ఒప్పుకుంటావ్? ఇంట్లో మనుషులున్నారని లేదా? కనీసం చెప్పాలా వద్దా?"

చేతిలో ఆయన సాక్సు ఉంది, తిరగేసినట్టే ఉంది. దాన్ని అలాగే రెండోదానితో జతచేసి మడిచి ఆయన బట్టల మీద పెట్టాను.

"మీకు చెప్పడం మర్చిపోయానండీ."

పక్కగదిలో టీవీ గొంతు తగ్గింది. ముందు చిన్నగా ఒక నవ్వు, ఆ తర్వాత అత్తయ్య మాట వినిపించాయి.

"ఆ మతిమరుపు మీ నాన్న నుంచి నీకొచ్చిందిరా. ఇన్నేళ్ళకి దానికీ అంటుకున్నట్టుంది."