రెండో అర

తీగను దీపం మంటలో ఎర్రబడేదాకా కాల్చి, చల్లారనిచ్చి, గాజుగొట్టంలోని బూజు అంచును గోరంత గీకి కొత్త గొట్టంలోకి మార్చాడు బూజు బాబాయి. ఆ ప్రయోగశాలలో అతని అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. పంటల ఆకులను మాడ్చే బూజులు చచ్చిపోకుండా నెలకోసారి ఇలా కొత్త మేతలోకి మార్చడమే పంతొమ్మిదేళ్ళుగా అతని కాపురం.

చిక్కుడాకు మచ్చల బూజును మాత్రం ఫ్రిజ్‌లో రెండు అరల్లో, ఇరవయ్యేసి గొట్టాల్లో విడివిడిగా పెంచాడు. సూక్ష్మదర్శినిలో చూస్తే రెండూ ఒక్కలాగే ఉండేవి. పళ్ళెంలో పక్కపక్కన పెడితే మాత్రం మధ్యలో వెంట్రుకవాసి ఖాళీ వదిలేవి.

"అన్నదమ్ములు మాట్లాడుకోనంత మాత్రాన ఇంటిపేరు మారుతుందా?" అని ప్రయోగశాల నడిపే పెద్దసారు నవ్వేవారు. పన్నెండేళ్ళుగా అన్నతో మాటల్లేని బాబాయికి నవ్వు వచ్చేది కాదు. ఇప్పుడు ఫ్రిజ్‌లో చోటు చాలడం లేదని, సాయంత్రంలోగా రెండో అర ఖాళీ చేయమన్నారు. పెళ్ళీ పిల్లలూ లేనివాడు, ఆ అర కూడా పోతే ఒట్టి ఒంటరివాడే. పొద్దుటినుంచి ముద్ద దిగలేదు.

"మామూలు జన్యువుల్లో తేడా దొరకలేదు బాబాయ్. ఇవి జత కట్టేటప్పుడు పనిచేసే జన్యువులున్నాయే, వాటిని పరీక్షకు పంపాను. ఇవాళ తేలిపోతుంది" అంది కొత్తగా చేరిన పరిశోధకురాలు.

"నాకే లేని పెళ్ళిగోల వీటికెందుకమ్మా" అన్నాడు గానీ, చూపు ఆమె కంప్యూటరు వదిలితే ఒట్టు.

నాలుగింటికి ఆమె కుర్చీ వెనక్కి తోసి లేచింది.

"బాబాయ్! నలభై గొట్టాలూ రెండు గుంపులయ్యాయి. అచ్చం నీ అరల్లాగే! అటుది ఒక్కటి కూడా ఇటు కలవలేదు. రెండూ వేరువేరు జాతులే!"

బాబాయి ఛాతీ రుద్దుకుంటూ ఆమె కంప్యూటరు దగ్గరికొచ్చాడు. "ఒక్కటీ కలవలేదా?" అని రెండుసార్లు అడిగాడు. "ఇంటికెళ్ళి చెప్పుకోడానికి ఎవరున్నారు గనక. కాసేపు ఇక్కడే కూర్చుంటానమ్మా."

"కూర్చో. రెండోదానికి పేరు నువ్వే పెట్టి చీటీ రాయి. ఈలోగా సారుకి చూపించొస్తా."

పెద్దసారు ముందు కొట్టిపారేశారు. కాగితాలు మళ్ళీ చూసి, "సరే, అర ఉంచమను" అన్నారు. ఆ మాట పట్టుకుని ఆమె పరుగున వచ్చేసరికి బాబాయి బల్ల మీద తల వాల్చి ఉన్నాడు. అలసి నిద్రపోయాడనుకుని భుజం తట్టింది. మళ్ళీ తట్టింది. ఊపిరి లేదు.

అతని చేతికింద తెల్లచీటీ ఒకటి ఉంది. తేదీ గుండ్రటి అక్షరాల్లో రాసి ఉంది. పేరు రాయాల్సిన చోట పెన్సిలు మొన ఆనించిన చుక్క ఒక్కటే.