లాడ్జి నుంచి వచ్చిన వైఫై డబ్బా

పిడుగు ఎక్కడో చెరువు కట్ట అవతల పడిందన్నారు. ఎక్కడ పడితేనేం, నగరిలో ఆ వీధి వీధంతా దాని దెబ్బ తిన్నది. ఒకరింట్లో ఫ్యాను కాలింది, ఒకరింట్లో టీవీ మూగబోయింది. ధనశేఖర్ ఇంట్లో వైఫై డబ్బా మాడిపోయింది. వెనకవైపు నల్లగా కమిలి, దగ్గరికి పోతే ముక్కు మూసుకోవాల్సిన వాసన. చుట్టుపక్కల వాళ్లు సీరియళ్లు ఆగిపోయాయని గోల పెట్టారు. ధనశేఖర్ మాత్రం ఆ డబ్బాను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అది లేకపోతే అతను పనిలోకి పోలేడు.

సంగతేమిటంటే, అతని భార్య రూపశ్రీకి ఫిట్స్ వస్తాయి. రెండేళ్ల కిందట పుత్తూరు రోడ్డులో స్కూటరు మీదనుంచి పడి తలకు దెబ్బ తగిలింది. గాయం మానింది, ఫిట్స్ మిగిలాయి. ఎప్పుడొస్తాయో చెప్పలేం. వచ్చినప్పుడు పక్కన ఒక మనిషి ఉండి, ఒక పక్కకు ఒత్తిగిలించి, తల కింద మెత్తగా ఏదైనా పెడితే కాసేపటికి లేచి కూర్చుంటుంది. ఎవరూ లేకపోతే ఏమవుతుందో డాక్టరు చెప్పాడు. ఆ మాట ధనశేఖర్ మళ్లీ నోటితో అనలేదు. కూతురు రాజశ్రీ పుత్తూరులో డిగ్రీ చదువుతోంది, పొద్దున పోతే సాయంత్రానికి గానీ రాదు. అతను రెండు వీధుల అవతల కుప్పయ్య షెడ్డులో నాలుగు పవర్‌లూమ్ మగ్గాలు చూసుకుంటాడు. పగలంతా ఆ ఇంట్లో రూపశ్రీ ఒక్కతే.

పక్కింటి గురవమ్మకు ఒక మాట చెప్పి ఉంటే సరిపోయేది. పిలవకపోయినా వచ్చి పలకరించే మనిషి. కానీ చెప్పలేదు. ఆమెకే కాదు, ఎవరికీ చెప్పలేదు. ఫిట్స్ అన్న మాట వీధిలో పడితే అది తల్లితో ఆగదు, కూతురి మెడకు చుట్టుకుంటుంది. రేపు సంబంధం చూడటానికి వచ్చినవాళ్లు తల్లికి మూర్ఛరోగమట అని గుసగుసలాడుకుని, కాఫీ తాగి, మళ్లీ కబురు చేస్తామని పోతారు. దెబ్బ తగిలి వచ్చింది మహాప్రభో, వంశంలో లేదు అని ఎంతమంది చెవిలో చెప్పుకుంటూ తిరుగుతాడు? మన జనానికి రోగం పేరు చాలు, కారణం ఎవడిక్కావాలి. అందుకని వీధికి రూపశ్రీ కాస్త నీరసం మనిషి, అంతే.

ఆ దాపరికానికి కాపలా ఒక కెమెరా. గుమ్మం పైన, మంచానికి ఎదురుగా రాజశ్రీ దాన్ని బిగించింది. ధనశేఖర్ తన ఫోనును మగ్గం చట్రానికి గుడ్డపేలికతో కట్టుకుని అందులో ఇంటిని చూసుకునేవాడు. అటూ ఇటూ పరుగెత్తే నాడెలో నూలు కండె అయిపోయినప్పుడల్లా మగ్గం ఆపి కొత్త కండె వేయాలి కదా, వేసినప్పుడల్లా ఒకసారి ఫోను చూడటం. మంచం మీద మనిషి ఉంటే సరే. మంచం ఖాళీగా ఉంటే రెండో కండె దాకా ఆగుతాడు. అప్పటికీ ఖాళీగానే ఉంటే పరుగు. చప్పుడు వినిపించే ఏర్పాటు కూడా కెమెరాలో ఉంది గానీ దాన్ని మొదటి రోజే ఆపేశాడు. షెడ్డులో మగ్గాలు ఆడుతుంటే చెవి దగ్గర ఢంకా కొట్టినా వినపడదు. అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు, చూపుతోనే బతుకుతారు. నాలుగు మగ్గాల్లో ఎక్కడ పోగు తెగినా ధనశేఖర్ కంటికి తెలిసిపోతుంది. తన కన్ను మీద అతనికి అంత నమ్మకం.

డబ్బా మాడిన తరువాత ఆ కన్నుకు పని లేకుండా పోయింది. ఇక చేసేదేముంది, కాళ్లకు పని చెప్పాడు. ఏదో ఒక సాకు పెట్టి గంటకోసారి ఇంటికి పోయి వచ్చేవాడు. కడుపు బాగాలేదన్నాడు, గ్యాసు బండి వస్తుందన్నాడు, తాళం మరిచానన్నాడు. మగ్గాలు ఆగి నిలబడితే కుప్పయ్య ముఖం ముడుచుకునేది. నేత పనోడికి ఇల్లు గుర్తొస్తే ఇంట్లోనే ఉండాలని ఒకరోజు అందరి ముందూ చేతులు తిప్పి సైగ చేశాడు. పక్క మగ్గాలవాళ్లు నవ్వారు. ధనశేఖర్‌కు తల కొట్టేసినట్టయింది.

ఇంట్లో మాత్రం ఆ నాలుగు రోజులూ ఇంకో రకంగా గడిచాయి. అతను వచ్చేసరికి రూపశ్రీ టీ పెట్టి ఉంచేది. ఇద్దరూ వంటింటి గడప మీద కూర్చుని తాగేవాళ్లు. కెమెరా ఉన్నన్నాళ్లూ ఆమె గోడవైపు తిరిగి పడుకునేది, చీర కొంగు మెడదాకా లాక్కునేది. ఎవరో పరాయివాడు గుమ్మం మీద ఎక్కి కూర్చున్నట్టు ఉంటుందనేది. ఇప్పుడు జుట్టు విరబోసుకుని ఇల్లంతా తిరుగుతోంది. పలమనేరులో తన చిన్ననాటి కబుర్లేవో చెప్పి నవ్వుతోంది. పెళ్లయిన కొత్తలో ఉన్న మనిషి తిరిగొచ్చిందని ధనశేఖర్‌కు ముచ్చటేసింది.

కొత్త డబ్బా తేవాలన్న మాట ఎత్తగానే ఆమె గ్లాసు కింద పెట్టింది.

"అది పోయిందే మేలు మామా. అది ఉన్నెప్పుడు నువ్వు నన్ను సూస్తావు గానీ, రావు."

అతను కుప్పయ్య సంగతి చెప్పాడు. పని పోతే మాత్రలు ఎవరు కొంటారని అడిగాడు. అడిగినందుకు తనమీద తనకే కోపం వచ్చింది. ఆమె తెచ్చేదుంటే తక్కువలో తెమ్మంది. పండుకోనుండే దాన్ని సూసేదానికి మంచి మిసను ఎందుకని కూడా అంది.

అమావాస్యనాడు మగ్గాలు ఆడవు. ఆ రోజు రాజశ్రీ కాలేజీ మానేసి తల్లి దగ్గర ఉంది. ధనశేఖర్ తిరుపతి బస్సెక్కాడు. ఏం కొనాలో కూతురు ఫోనులో చూపించే పంపింది. కొత్తదే కొను నాయనా, గ్యారంటీ ఉండేది కొను, మరీ గొప్పది వద్దు, మన కెమెరాకు మామూలు సిగ్నలు చాలు, కానీ పాతది మాత్రం ముట్టుకోవద్దు అని ఒకటికి పదిసార్లు చెప్పింది. బస్సు వడమాలపేట దాటేదాకా అతను ఆ మాటల్నే వల్లించుకున్నాడు.

బస్టాండు వెనక సందులో పెంచలయ్య అనే గూడూరాయన అంగడి ఉంది. కొత్త సరుకూ అమ్ముతాడు, పాతదీ అమ్ముతాడు. మూడు డబ్బాలు బల్ల మీద పెట్టాడు. మొదటిది నాలుగు కొమ్ములతో ఠీవిగా ఉంది. దాని ధర విని ధనశేఖర్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రెండోది రాజశ్రీ చెప్పినటువంటిదే, కొత్తది, గ్యారంటీ ఉంది. మూడోది పాతది. తిరుపతిలో లాడ్జీలకేం కొదవ, అవి డబ్బాలు మార్చినప్పుడల్లా పాతవి ఇలాంటి అంగళ్లకు చేరతాయి. దాని నెత్తిన 'మూడో అంతస్తు' అని రాసిన కాగితం ఇంకా అంటుకునే ఉంది. ధర రెండోదాంట్లో సగానికి సగం.

ధనశేఖర్ రెండోదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. మళ్లీ పెట్టాడు. మూడోదాన్ని తీసుకున్నాడు. అతని అవస్థ పెంచలయ్య కనిపెట్టాడు. మంచివాడే, అంటగట్టే రకం కాదు. ఏ పనికి కావాలో చెబితే ఏది తీసుకోవాలో తాను చెబుతానన్నాడు.

అక్కడ నిజం చెప్పి ఉండొచ్చు. తిరుపతిలో సందులోని అంగడివాడికి నగరిలోని రూపశ్రీ ఎవరో ఏం తెలుసు? అయినా రెండేళ్లుగా మూసి మూసి నోరు దానికి అలవాటు పడిపోయింది. పక్కన ఇంకెవరో ఇద్దరు నిలబడి ఉన్నారు కూడా. మనవైపు వాళ్లో ఏమో అనిపించింది.

"పాప సదువుకు" అన్నాడు.

"సదువుకైతే ఇది సాలన్నా" అని పెంచలయ్య లాడ్జి డబ్బాను ముందుకు జరిపాడు. "అప్పుడప్పుడూ బిగుసుకోని నిలబడిపోతాది, అంతే. పాప ఎదురుగ్గా కూసోనుండేదే గదా, బొమ్మ కదలకపోతే ఆ పాపకే తెలుస్తాది. ఒక తూరి ఆపేసి ఏస్తే మళ్లా మామూలే."

ధనశేఖర్ ఆ మాట విన్నాడు. వినలేదని తరువాత ఎప్పుడూ అనుకోలేకపోయాడు, శుభ్రంగా విన్నాడు. తన కెమెరా ముందు బొమ్మ కదలదు కదా, మంచం మీద మనిషి పడుకునే ఉంటుంది కదా అన్న ఆలోచన మాత్రం రాలేదు. మిగిలిన డబ్బుతో రూపశ్రీకి దానిమ్మకాయలు కొన్నాడు.

పాతది తెచ్చినందుకు రాజశ్రీ ముఖం మాడ్చుకుంది. మాడ్చుకుంటూనే తీగలు తగిలించి, కెమెరాను కలిపి చూపించింది. బొమ్మ చక్కగా వచ్చింది. చూసినావా, బంగారంలా ఉండాది అని ధనశేఖర్ మురిశాడు. రూపశ్రీ దానిమ్మ గింజలు ఒలుస్తూ కూర్చుంది. ఆ పూట నుంచే కొంగు మళ్లీ మెడదాకా లాక్కుంది.

డబ్బా కొన్నాళ్లు బాగానే పనిచేసింది. ధనశేఖర్ ఇంటికి పోవడం మానేశాడు. కుప్పయ్య ముఖం విప్పారింది. వంటింటి గడప మీద టీ ఆగిపోయింది.

ఆ రోజు మధ్యాహ్నం కండె మార్చి ఫోను చూస్తే రూపశ్రీ మాత్ర వేసుకుని పడుకుని ఉంది. గోడవైపు తిరిగి, చెయ్యి చెంప కింద పెట్టుకుని. మళ్లీ కండె, మళ్లీ చూపు. పడుకునే ఉంది. మామూలుగా ఆ మాత్రకు ఆమె కలత నిద్రే పోయేది, ఊరికే లేచి కూర్చునేది. ఇవాళ ఒళ్లెరగకుండా పడుకుంది, ఈ మాత్రలు ఒంటికి పడుతున్నట్టున్నాయి అనుకున్నాడు. సంతోషపడ్డాడు. ఆ సంతోషంలో మగ్గాలను ఉరికించాడు. బొమ్మ మూలన చిన్న అంకెల్లో టైము ఉంటుంది గానీ దాన్ని అతను ఏనాడూ చూసిన పాపాన పోలేదు. చూడాల్సింది మనిషిని గానీ టైముతో ఏం పని?

ఎండ వాలే వేళకు షెడ్డు వాకిట్లో గురవమ్మ కనిపించింది. చెప్పులు లేవు, కొంగు జారిపోయి ఉంది, నోరు తెరిచి ఏదో అరుస్తోంది. మగ్గాల హోరులో ఒక్క ముక్క వినపడలేదు. ఆమెకు షెడ్డు సైగలు రావు. చేత్తో ఇంటివైపు చూపిస్తోంది, రెండు చేతులూ నేలకు కొట్టినట్టు చేస్తోంది. ధనశేఖర్ వెంటనే ఫోనువైపు చూశాడు. రూపశ్రీ పడుకునే ఉంది.

ఊపిరి పీల్చుకున్నాడు. ఈ ముసలామె ఎవరినో చూసి ఎవరో అనుకున్నట్టుంది. అంతేకాదు, ఎక్కడ కూపీ లాగుతుందోనన్న పాత భయం కూడా తలెత్తింది. పేలిక విప్పి, ఫోను చేత్తో ఎత్తి, ఆమె ముఖానికి ఎదురుగా పెట్టి చూపించాడు. రెండో చెయ్యి చెంప కింద పెట్టి, నిద్రపోతోందని సైగ చేశాడు. చిన్నగా నవ్వాడు కూడా.

గురవమ్మ ఆ ఫోను చూసింది, అతని ముఖం చూసింది. మణికట్టు పట్టుకుని బయటికి ఈడ్చింది. వీధిలోకి వచ్చాక గానీ ఆమె గొంతు వినపడలేదు. అరిచి అరిచి అది బొంగురుపోయింది.

"దాంట్లో పండుకోనుండేది ఎవురో నాకు తెలీదు నాయనా. మీ ఆడది దొడ్లో బట్టల బండకాడ పడుండాది. ఒళ్లు సల్లగా ఉండాది."

అతను పరుగెత్తాడు. ఆ పరుగులో కూడా ఒకసారి చేతిలోని ఫోను చూసుకున్నాడు, అంత పిచ్చి నమ్మకం. రూపశ్రీ ఆరేసిన బట్టలు తీయడానికి దొడ్లోకి వచ్చినట్టుంది. రాజశ్రీ చున్నీ ఒకటి ఆమె గుప్పిట్లో ఉంది. ఫిట్స్ వచ్చి పడి, బండ అంచు తలకు కొట్టుకుంది. పడి చాలాసేపయిందని ఆసుపత్రిలో చెప్పారు. బతికిన కాసేపూ దగ్గర ఎవరైనా ఉండి ఉంటే అన్నట్టు డాక్టరు ఏదో మొదలుపెట్టి, ధనశేఖర్ ముఖం చూసి ఆపేశాడు. చెప్పనవసరం లేదు, అతనికి తెలుసు.

కర్మంతరాలు అయిపోయి, వచ్చిన చుట్టాలు వెళ్లిపోయాక తండ్రీ కూతుళ్లు ఇద్దరే మిగిలారు. వీధికి అంతా తెలిసిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు. గురవమ్మ మాత్రం, నాకు ఒక మాట చెప్పుంటే దొడ్డి గోడ మీదనుంచి పూటకు పదిసార్లు తొంగి సూసుందునే అని ఏడ్చింది. ఆ ఏడుపు ధనశేఖర్‌కు చెంపదెబ్బలా తగిలింది.

రాజశ్రీ స్టూలు ఎక్కి కెమెరా విప్పింది. డబ్బా తీగలు పీకి, దాన్ని చేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"నాయనా, ఇది ఇట్ల నిలబడిపోతాదని అంగడాయన సెప్పలేదా?"

"సెప్పినాడు."

"కెమెరాకని తెలిసీ ఇచ్చినాడా?"

అబద్ధం చెప్పి ఉంటే పోయేది. వాడు తెలిసే ఇచ్చాడని అంటే ఆ పిల్ల ఆ పెంచలయ్యను తిట్టుకుని ఊరుకునేది. కానీ ధనశేఖర్‌కు అబద్ధాల మీద విరక్తి పుట్టింది. ఇక ఒక్కటి కూడా ఆడలేననిపించింది.

"కెమెరాకని నేను సెప్పలేదమ్మా. నీ సదువుకని సెప్పినా."

ఎందుకలా చెప్పావని రాజశ్రీ అడగలేదు. గురవమ్మకు ఎందుకు చెప్పలేదో, వీధికి ఎందుకు చెప్పలేదో, అమ్మ రోగం ఎవరికోసం దాచారో ఆమెకు తెలియనిది కాదు. ఆ పిల్ల ముఖంలో రక్తం ఇంకిపోవడం అతను చూశాడు. ఈ రెండేళ్లూ ఏ మాట ఆమె మీద పడకూడదని నోరు మూసుకున్నాడో, అంతకన్నా పెద్ద బరువు ఇప్పుడు తన నోటితోనే ఆమె నెత్తిన పెట్టాడు.

"నాకోసరమేనా నాయనా" అంది రాజశ్రీ. అది ప్రశ్నలా లేదు. డబ్బాను నేలమీద పెట్టి, దొడ్లోకి పోయి, తల్లి పడిన చోట కూర్చుంది. ధనశేఖర్ గుమ్మం దాకా వెళ్లాడు. దగ్గరికి పోయే ధైర్యం లేక, అక్కడే నిలబడి కూతురిని చూస్తూ ఉండిపోయాడు.