పీత అలవాటు

బడుల రోబో పోటీలు జరుగుతున్న ఆ శనివారం పొద్దుటి నుంచి మేరెన్ కాలు కాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంది. జిమ్ వెనకాల వాళ్ల జట్టుకిచ్చిన చోటు పదడుగులు. అందులోనే అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు. మధ్యలో ఉడుత కూర్చుని ఉంది. ఉడుతంటే ఈ ఏడు వాళ్లు కట్టిన రోబో. పొద్దున్నుంచి రెండుసార్లు వెల్లకిలా పడి, చక్రాలు గాల్లో తిప్పుతూ మిషిగన్ జనమందరినీ నవ్వించింది.

రెండుసార్లూ నడిపింది మేరెనే.

వాళ్ల బడి వర్క్‌షాపులో ఏడేళ్ల రోబోలు బల్లల మీద వరసగా ఉంటాయి. మొదటిది ఎద్దు, దానికి తోయడం తప్ప ఇంకేమీ రాదు. తర్వాతిది కొంగ. మెడ పొడుగు చేసుకున్న పాపానికి తొలి ఆటలోనే మెడ విరిగింది. పీత మాత్రం జట్టుకు కాస్త పరువు తెచ్చింది. పొట్టిగా, బండలా ఉండేది. పోటీలో మేరెన్ దాన్ని ఒక్క ఏడే నడిపింది. కానీ కొత్త రోబో ఏనాడూ ఆఖరి వారం దాకా తయారవదు గనక, ఆ తర్వాత రెండు చలికాలాల సాధన కూడా పీత మీదే సాగింది. ఈ ఏడే చేరిన హ్యాటీ దాన్ని ముట్టుకోబోతే మేరెన్ ముట్టుకోనివ్వలేదు.

పీత బరువుకు జారుకుంటూ పోయేది. ఆపాలంటే నడిపేవాళ్లు చేతిలోని జాయ్‌స్టిక్ పుల్లను ఒక్కసారిగా వెనక్కి గుంజాలి. ఉడుత తేలిక, దాని చెయ్యి పొడుగు. చెయ్యెత్తి ఉండగా అలా గుంజితే వెనక్కి పడుతుంది. ఈ సంగతి మేరెన్‌కు తెలుసు. ఆమె చేతులకే తెలియదు.

"కార్పెట్ బాలేదు తాతా, జారుతోంది," అంది.

వెర్న్ తాత అచ్చులు చేసే ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైనవాడు. పిల్లలకు పని నేర్పుతాడు గానీ, పని వాళ్లే చెయ్యాలన్నది అతని నియమం.

"కార్పెట్ అందరికీ ఒకటే కదమ్మా," అన్నాడు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని మేరెన్‌కూ తెలుసు. ఒళ్లు మండింది.

"మేరెన్, ఈ ఒక్క ఆట నన్ను నడపనీ," అంది హ్యాటీ మెల్లిగా. "నా బదులు నువ్వు ఉడుత చెయ్యి ఆడించు."

"నాకిదే ఆఖరి ఏడు. నీకింకా మూడేళ్లుంది. నోర్మూసుకుని పద."

మిగిలింది ఒక్క ఆట. అదయ్యాక, పాయింట్లలో మొదటి ఎనిమిది జట్ల కెప్టెన్లు మధ్యాహ్నం ఆటలకు తలా రెండు జట్లను తోడుకు పిలుచుకుంటారు. ఏడేళ్లలో వీళ్లనెవరూ పిలవలేదు. ఈసారైనా పిలవాలి, ఉడుత పుల్ల తన చేతిలో ఉండగా పిలవాలి. మేరెన్ కోరిక అదొక్కటే.

ఆట రెండున్నర నిమిషాలు, అందులో రోబో బంతులేరి బుట్టలో వెయ్యాలి. అద్దం గోడ వెనక ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. సగం ఆటకు బుట్టలో పడింది ఒక్క బంతి. హ్యాటీ ఉడుత చెయ్యి పైకెత్తింది. ఎదురుగా అవతలివాళ్ల రోబో అడ్డొచ్చింది. మేరెన్ పుల్ల గుంజేసింది.

ఉడుత ముందు చక్రాలు లేచాయి. పడిపోయేదే, వెనక గోడ తగిలి మళ్లీ నేలకు దిగింది.

మేరెన్‌కు చెమటలు పట్టాయి. మళ్లీ గుంజుతానని ఆమెకు ఖాయంగా తెలుసు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, ఈ బుద్ధి రెండు చలికాలాల్లోనే అంత లోతుకు దిగింది. ఇద్దరి మెడల్లోనూ నడిపేవాళ్ల బిళ్లలే ఉన్నాయి, ఎవరు పట్టినా తప్పు లేదు.

"హ్యాటీ, నువ్వు పట్టు."

"ఏంటీ?"

"పట్టమన్నానా! ఉడుత చెయ్యి నాకొదిలెయ్!"

హ్యాటీ పుల్లను వెన్న ముట్టినట్టు ముట్టింది. మిగిలిన నిమిషంలో నాలుగు బంతులు పడ్డాయి.

కాసేపటికి ఎనిమిదో జట్టు కుర్రాడొకడు నోటుపుస్తకం పట్టుకుని వచ్చాడు.

"మధ్యాహ్నం ఆటల్లో మీ రోబోను ఎవరు నడుపుతారు? మా కెప్టెన్ కనుక్కురమ్మంది."

"మేరెనే," అంది హ్యాటీ వెంటనే. "మా జట్టులో అందరికంటే పెద్దది."

కుర్రాడు ఏమీ రాయకుండానే పుస్తకం మూయబోయాడు. వెర్న్ తాత చేతిలోని పానాను తుడిచిందే తుడుస్తున్నాడు.

"హ్యాటీ నడుపుతుంది," అంది మేరెన్.

"ఖాయమేనా?"

"ఖాయం. రాసుకో."

రాసుకుని వెళ్లాడు. హ్యాటీ ఏదో అనబోతే మేరెన్ చెయ్యడ్డం పెట్టింది.

పన్నెండింటికి పిలుపులు మొదలయ్యాయి. ఎనిమిదో కెప్టెన్ రెండో పిలుపుగా వీళ్ల నంబరు చదివింది. జట్టంతా ఎగిరి గంతేసింది. పిలుపందుకున్న జట్టు కెప్టెన్ మైదానం మధ్యకు నడిచి ఒప్పుకోవాలి. వీళ్ల కెప్టెన్ మేరెనే, నడిచింది. సంతోషంగానే ఉంది, అది అబద్ధం కాదు. కానీ మైకు దగ్గరికి వెళ్లాకే తట్టింది, ఇక ఏ రోబోనూ పోటీలో తను నడపదని.

"మా జట్టు ఒప్పుకుంటోంది," అంది. కళ్లనీళ్లు జారాయి.

ఆనందం పట్టలేక ఏడుస్తోందనుకుని జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.