కడగని గిన్నె

ఆ రోజు అయిదింటికి రిలీవింగ్ లెటర్ చేతికిస్తామన్నారు. ఆరున్నర బండికి టికెట్ తీసి, బట్టల బ్యాగు ఆఫీసుకే తెచ్చుకున్నాను. మూడేళ్లుగా మా ఆవిడా పాపా ఒక ఊళ్లో, నేనొక ఊళ్లో. ఇంతకుముందు ఒకసారి మానేస్తానంటే, "ఈ పని నీకు తప్ప ఎవరికీ రాదు" అని పొగిడి మరీ ఆపేశారు. పొగడ్తకు పడిపోయే వెధవని నేను.

ఆస్పత్రి ల్యాబు రిపోర్టులను వార్డు కంప్యూటర్లకు అర్థమయ్యేలా మార్చి పంపడం మా పని. ప్రతి రిపోర్టుకూ కొత్తగా ఒక ఆబ్జెక్టు, అంటే దాని వివరాలు పట్టే ఖాళీ పాత్ర లాంటిది, తయారు చేస్తూ పోతే సర్వర్ చతికిలబడుతుంది. అందుకని నలభై ఆబ్జెక్టులు ముందే చేసిపెట్టి, వాటినే తిప్పి తిప్పి వాడే ఏర్పాటు ఆరేళ్ల కిందట నేనే రాశాను. మేం వాటిని గిన్నెలంటాం. తీసుకో, వాడుకో, కడిగి బోర్లించు. కడగడమంటే లోపలి పాత వివరాలు చెరిపేయడం. అప్పట్లో అందరూ చప్పట్లు కూడా కొట్టారు లెండి.

నా స్థానంలోకి వచ్చే అమ్మాయికి రెండు వారాలుగా అదంతా అప్పగిస్తున్నాను. మూడింటికి మొహం పాలిపోయి వచ్చింది.

"అన్నా, ఇది చూడు. పదేళ్ల పిల్ల రిపోర్టు. కింద ఎవరో ముసలాయన పరీక్షల ఫలితాలు అతుక్కున్నాయి. నర్సు చూసి ఫోన్ చేసింది కాబట్టి సరిపోయింది. నిన్న నేనే ఏదో కెలికాను..."

ఆమె కెలికింది కాదు. చూడగానే నాకు తెలిసిపోయింది. రిపోర్టు సగంలో ఆగిపోతే ఆ గిన్నెను పారేసి కొత్తది చేయాలి. మేనేజరు వేగం వేగం అని ప్రాణం తీస్తుంటే, దాన్ని కడగకుండానే మిగతా వాటిలో పెట్టేలా రాశాను. తర్వాత చూద్దాంలే అనుకున్నాను.

నోరు మూసుకుంటే రెండు గంటల్లో బయటపడతాను. నింద ఆ అమ్మాయి నెత్తిన పడుతుంది. బాత్రూంకి వెళ్లి మొహం కడుక్కున్నాను. వెళ్లిపోవాలని ఎంతుందో, నా మీద నాకు అంత అసహ్యం వేసింది.

మేనేజరు గదిలోకి వెళ్లి చెప్పేశాను. "తప్పు ఆమెది కాదు సార్, నాది. ఆరేళ్లుగా ఉంది."

ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది.

"సరిచేయడానికి ఎంతసేపు?"

"పది నిమిషాలు సార్. ఒక్క లైను."

"మరి ఆరేళ్ల రిపోర్టుల్లో ఏవేవి కలిసిపోయాయో ఎవరు వెతుకుతారు? నీకు తప్ప ఎవరికి తెలుస్తుంది?"

ఆయన లెటరును సొరుగులో పెట్టేసి, "మూడు నెలలు" అన్నాడు.

మెట్ల దగ్గర నిలబడి మా ఆవిడకు ఫోన్ చేశాను. నా గొంతు వినగానే ఆమెకు అర్థమైంది. ఎందుకని అడగలేదు.

"ఎన్ని నెలలు?"

"మూడు."

"పోయినసారీ మూడే అన్నావు. సర్లే. నీ బట్టలకని బీరువాలో ఒక అర ఖాళీ చేశా. పాప స్కూలు బట్టలు అందులో సర్దేస్తాను."