పేరు కొట్టించిన సీడీ

పట్టాభిరామయ్య నీటిపారుదల శాఖలో సూపరింటెండెంటు. శాఖలో నీరు పారినా పారకపోయినా ఆయన నోరు మాత్రం ఏడాది పొడుగునా పారుతూనే ఉండేది. ఆ వరదలో భార్య బాలాత్రిపురసుందరికి దొరికిన గట్టు ఒక్కటే, పాట. మూడేళ్ల కిందట గొంతులో పుండు లేచి డాక్టర్లు స్వరపేటిక తీసేయడంతో ఆ గట్టూ తెగింది. "పేటిక పోతే పోయింది, పెన్నిధి మిగిలింది!" అని ఆసుపత్రి వరండాలో నలుగురూ వినేలా అన్నారాయన. అని, గోడవైపు తిరిగి భుజాలు ఎగిరిపడేలా ఏడ్చారు. అప్పటినుంచీ ఆవిడ మాటలన్నీ పలక మీదే.

సుందరి గొంతు లోకంలో ఒక్కచోటే మిగిలింది. పద్నాలుగేళ్ల కిందట రేపల్లెలో, బొమ్మల కొలువు ముందు కూర్చుని పాడిన పదకొండు పాటల క్యాసెట్టు అది. అమ్మమ్మ నేర్పిన లాలిపాటలు, పెళ్లిపాటలు. సాయంత్రం కాఫీ వేళకి దాన్ని పెట్టుకుని వినేవారు. ఆవిడ తన పాటకి తానే పెదవులు కదిపేది. ఈమధ్య టేపు సాగి, లాలిపాటలో పసిబిడ్డ బదులు పోతురాజు నిద్రపోతున్నట్టు వినిపిస్తోంది.

"రాగం సాగదీస్తే విద్వత్తు, టేపు సాగితే విపత్తు!" అన్నారు పట్టాభిరామయ్య. నవ్వుతూనే అన్నారు గాని, ఆ రాత్రి అన్నం సయించలేదు.

కూతురు రసజ్ఞ మాదాపూర్ గుట్టల మధ్య కొత్తగా లేచిన గుండ్రటి భవనంలో ప్రోగ్రామరు. జీతం రాళ్లతో కంప్యూటరు అసెంబుల్ చేయించి, అందులో సీడీ రైటర్ కూడా పెట్టించింది.

"క్యాసెట్టుని కంప్యూటర్లోకి ఎక్కించి సీడీ బర్న్ చేద్దాం, నాన్నా."

"కాలుస్తావా? మీ అమ్మ పాట కాల్చితే మాయామాళవగౌళ మసిమాళవగౌళ అయిపోదుటే?"

"అయ్యబాబోయ్, కాసేపు ఊరుకో! మైకులో నీ గొంతే పడుతుంది."

ఊరుకోవడం ఆయనకి రాని విద్య. ఈ సీడీ విద్యకి కావలసింది మాత్రం అదే. ఒక సీడీ రాయడానికి పాతిక నిమిషాలు పడుతుంది. ఆ పాతిక నిమిషాలూ మౌస్ ముట్టకూడదు, ఇంకో ప్రోగ్రాం తెరవకూడదు, కరెంటు పోకూడదు. పైగా కొండాపూర్లో వాళ్ల వాటా వెనక అపార్ట్‌మెంట్ల కోసం బండలు పేలుస్తున్నారు. పన్నెండింటికోసారి, అయిదింటికోసారి ఈలవేసి ఎర్రగుడ్డ ఊపేవారు. ధడేలుమనగానే ఇంట్లో గిన్నెలూ గుండెలూ ఒక్కసారే గంతేసేవి. అలా కరెంటుకి కొన్ని, బండలకి కొన్ని, ఏడు సీడీలు పాడయ్యాయి. "పేరుకే రైటరు, రాసేవన్నీ రాంగే!" అని ఆయన వాటిని కాఫీ గ్లాసుల కింద పెట్టుకున్నారు.

ఎనిమిదోది నిలబడింది. ముగ్గురూ కూర్చుని మొదటినుంచి చివరిదాకా విన్నారు. పాత టేపులోని బుస కూడా రసజ్ఞ చాలావరకు తీసేసింది. సాగిన చోట వేగం సరిచేసింది. రేపల్లె పెంకుటింట్లోంచి సుందరి గొంతు కడిగిన ముత్యంలా వచ్చింది. ఆవిడ పలక తీసి రాసింది: "ఇది నేనేనా?"

క్యాసెట్టు అప్పటికే లేదు. కంప్యూటర్లోకి ఎక్కుతూ పదకొండో పాట ముగియగానే టేప్ రికార్డరు దాన్ని నమిలి పోగులు పెట్టింది. కంప్యూటర్లో ఉన్న పాటల ఫైళ్లు కొండంత. ఆఫీసు పనికి చోటు చాలక రసజ్ఞ వాటిని తుడిచేసింది.

"సీడీ ఉందిగా. ఆదివారం ఖాళీ డిస్కులు తెచ్చి, దీన్నుంచే వెనక్కి లాగి ఇంకో నాలుగు చేస్తాను. అంతదాకా మెరిసే వైపు వేలు పెట్టకు నాన్నా. గీత పడితే పాట పోయినట్టే."

ఆ మాట పట్టాభిరామయ్యకి వేదమైంది. సోమవారం పొద్దున రసజ్ఞ ఆఫీసు బస్సెక్కాక ఆయనకి కొత్త బెంగ పట్టుకుంది. ఎనిమిది సీడీలూ ఒక్క పోలికే, అష్టకవలలు! పనిమనిషి రాజమ్మ బల్ల తుడుస్తూ పాట ఉన్నదాన్ని గ్లాసు కింద పెడితే? కాగితం అంటిస్తే తిరిగేటప్పుడు ఊడుతుందని రసజ్ఞే చెప్పింది. సిరాతో రాస్తే చెరుగుతుంది. మనిళ్లలో పదికాలాలు ఉండవలసిన వస్తువుకి ఏం చేస్తాం? పేరు కొట్టిస్తాం. సుందరి పుట్టింటినుంచి తెచ్చుకున్న బిందె మొదలు నిన్నగాక మొన్న కొన్న పోపుల గరిటె దాకా అన్నిటి మీదా ఆవిడ పేరే. పేరున్న గిన్నె ఊరంతా తిరిగినా ఇల్లు చేరుతుంది.

సీడీని కొత్త తువ్వాల్లో చుట్టి లింగంపల్లి బజారుకి వెళ్లారు. స్టీలు సామాన్ల కొట్టు ముందు సాయిలు స్టూలేసుకుని, గుయ్యిమనే మిషను సూదితో పళ్లేల మీద పేర్లు కొడుతున్నాడు.

"గిదేంది సార్, గిన్నె గాదు గదా. అద్దమోలె ఉంది."

"పాటల పళ్లెమయ్యా. నువ్వు కొట్టేది పేరు, అందులో ఉన్నది పాటల జోరు!"

"జర సోచాయించుండ్రి. స్టీలంటే నాకెరుకే. గిది కరాబైతే నన్ననొద్దు."

"ఏం కాదు. ఇటు మెరిసే వైపు గాలి కూడా తగలనీయకు, పాట అటే ఉంది. ఈ వెనకవైపు కొట్టు. బాలాత్రిపురసుందరి, పూర్తి పేరు. కన్నం చుట్టూ గుండ్రంగా రావాలి."

"పెద్ద పేరు సార్. మా ఇంటామె పేరు లక్ష్మి, రెండక్షరాలు. తొందరగ అయితది," అని నవ్వి, సాయిలు తువ్వాలు మడత మీద మెరిసే వైపు ఆనించి, ఒక్కొక్క అక్షరం ముగ్గులా దించాడు. చివర ఒక పువ్వు కూడా వేశాడు. దానికి డబ్బులు తీసుకోలేదు.

ఆదివారం రసజ్ఞ కొత్త డిస్కులు తెచ్చింది. పట్టాభిరామయ్య తువ్వాలు విప్పి, పెళ్లికూతుర్ని చూపించినట్టు సీడీని చూపించారు.

"అక్షరాలు చూశావా? మెరిసే వైపు ఈగని కూడా వాలనివ్వలేదు."

రసజ్ఞ చటుక్కున సీడీ అందుకుంది. డ్రైవులో పెట్టింది. అది గిర్రున తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది. డ్రైవులో ఏమీ లేదని తెర మీద వచ్చింది. తీసి, తుడిచి, పెట్టింది. నాలుగుసార్లు.

"పాట మెరిసే వైపు ఉండదు, నాన్నా," అంది చివరికి. "కిందది ఒట్టి ప్లాస్టిక్కు. పాట ఉండేది ఈ పైనే, ఈ పల్చటి పూత కింద. కన్నం చుట్టూనే మొదలవుతుంది. ఎక్కడ ఏ పాట ఉందో రాసుకునేదీ అక్కడే."

"మరి నువ్వేగా మెరిసే వైపు..."

"చెప్పాను. గోకినా గీరినా రెండోవైపే ఎక్కువ ప్రమాదమని చెప్పలేదు. సూదితో చెక్కిస్తావని కల గన్నానా?"

సీడీని కిటికీకి అడ్డంగా పట్టుకుంది. సుందరి పేరులోని ప్రతి అక్షరంలోంచీ, పువ్వు ప్రతి రేకులోంచీ, ఎండ ఇవతలికి వచ్చింది.

ఆఫీసులో ఇలాంటివి తెలిసిన మధుకి ఫోన్ చేసింది. అవతలివైపు మాట వింటూ "ఊ... ఊ..." అని పెట్టేసింది. హార్డ్ డిస్కు మూలమూలా వెతికింది. తుడిచిన చోట వారంరోజుల ఆఫీసు పని పరుచుకుని కూర్చుంది. ఒక్క చిన్న ఫైలు మాత్రం దొరికింది. పాటల మధ్య అడ్డొచ్చిన మాటల్ని కత్తిరించి విడిగా పడేసిన ఫైలు అది, చిన్నదని తుడవలేదు. అమ్మ గొంతు ముక్కైనా ఉంటుందేమోనని నొక్కింది.

"ఆహా! రేపల్లె కోయిలకి రేపల్లా ఇదే పాటా?" నలభై దాటని పట్టాభిరామయ్య గదంతా దద్దరిల్లేలా అన్నారు. తన జోకుకి తనే నవ్వారు. ఇంకో జోకు. ఇంకో నవ్వు. వాటి మధ్య ఎవరో పాట అందుకోబోతూ ఊపిరి పీల్చిన చప్పుడు, అంతే. మళ్లీ ఆయనే.

"ఆపవే," అన్నారు పట్టాభిరామయ్య.

సుందరి గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో వాళ్లు చూడలేదు. వచ్చి సీడీ చేతిలోకి తీసుకుంది. వేలి కొసతో పేరు మొత్తం తడిమింది. కోపం లేదు ముఖంలో. ఉంటే బాగుండునని ఆయనకి అనిపించింది. పలక తీసి రాసింది.

"నా గొంతు మీకు గుర్తుందా?"

ఆయన కళ్లు మూసుకున్నారు. లాలిపాట మొదటి మాట తెచ్చుకోబోయారు. మాట వచ్చింది, గొంతు రాలేదు. గొంతు కోసం ఇంకా లోపలికి వెళితే తన నవ్వే వినిపించింది.

"ఉంది," అన్నారు.

ఆవిడ చీరకొంగుతో పలక తుడిచి మళ్లీ రాసింది: "ఎలా ఉండేది?"

ముప్పయ్యేళ్లుగా దేనికైనా దేన్నైనా ముడిపెట్టి చెప్పిన మనిషి. నోరు తెరిచారు. వెనకాల ఎవరో ఈల వేశారు, బండ పేలింది, గిన్నెలన్నీ ఒక్కసారి మోగి సద్దుమణిగాయి. ఆవిడ ఇంకా పలక పట్టుకునే ఉంది.

"బాగుండేది," అన్నారు పట్టాభిరామయ్య.

కూరకీ అదే మాట అంటారు, చీరకీ అదే అంటారు. సుందరి తల ఊపింది. పలకని కంప్యూటర్ బల్ల మీద పెట్టి, బియ్యం కడగడానికి లోపలికి వెళ్లింది.